వాగు వంతెన మీద ఓటు

ఆగస్టు 12, 1991, సోమవారం

పొద్దున వాగు వంతెన కిందికి దిగి చూశాను. స్క్రూడ్రైవర్‌తో దూలాన్ని పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. పైకి బాగానే ఉంది, లోపలంతా పుచ్చిపోయింది. స్కూలు బస్సు రోజుకు రెండుసార్లు దాని మీదనే వెళ్తుంది.

ఆ వంతెన మూసెయ్యాలా వద్దా అని రేపు పదింటికి షైర్ కౌన్సిల్లో, అంటే ఇక్కడి పంచాయతీలో, సభ్యులం తొమ్మిదిమందిమీ ఓటు వెయ్యాలి. మూసేస్తే అవతలి ఒడ్డున ఉన్న జాక్ డెయిరీకి పాల ట్యాంకర్ రాదు. చుట్టుదారి ఈ వానలకు మోకాలిలోతు బురద. పాలు పారబోసుకోవడమే.

మధ్యాహ్నం మేకుల కోసం జాక్ మా కొట్టుకు వచ్చాడు.

"లెక్క చూశాను, మేట్. వంతెన మూయొద్దనే మనవైపు నీతో కలిపి ఐదుగురు, మూయాలనేవాళ్లు నలుగురే. నిన్ను కౌన్సిల్‌కి నిలబెట్టింది ఊరికేనా!" అని నవ్వి భుజం తట్టాడు.

నా ఓటు మూసెయ్యమనేనని చెప్పాలనే అనుకున్నాను. మేకులు పొట్లం కట్టి ఇచ్చి ఊరుకున్నాను. నేను సరేనన్నట్టే అనుకుని వెళ్లిపోయాడు.

సుశీల లోపలినుంచి అంతా విన్నది.

"మీరు నోరు విప్పకపోతే ఆయనేమనుకుంటాడండీ? రేపు మీటింగులో అందరి ముందూ చెయ్యెత్తి చూపిస్తారా?"

దేశం వదిలి ఈ ఊరొచ్చిన కొత్తలో మమ్మల్ని మొదట పలకరించిన మనిషి అతనే. ఇందాక ఫోన్ రెండుసార్లు ఎత్తి పెట్టేశాను.

తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్తాను. కారు వంతెనకు ఇవతలే ఆపి నడిచి వెళ్తాను. ఆ వేళకు జాక్ పాలు పితుకుతుంటాడు. ఆ యంత్రాల మోతలో మెల్లగా చెబితే వినపడదు. అరిచి చెప్పాలి.