సంబంధం అనే గడి

జనవరి 19

ఇన్‌కమ్ టాక్స్ ఫారాలు వచ్చినయి. హెచ్.ఎం. మేడం కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయింది, ఎప్పటి తీరుగనే. లెక్కల సారును గదా... బడిల అందరి టాక్సు నేనే చూడాలె.

తిండి బెల్లుల స్టాఫ్ రూమంత నవ్వులు. హిందీ మేడం — "కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాంక రోజూ పెట్రోలు పోసుకుంటున్న మల్లేశం సార్. బడికే గదా వచ్చేది, అది కట్ కాదా?" కాదు మేడం. తెలుగు సారు — "మాఘమాసం వస్తున్నది. ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని చదివింపులు. రాయకపోతే ఊర్ల మొఖం ఎట్ల చూపియ్యాలె? అది ఖర్చు కాదా?" కాదు సార్. పీఈటీ సారుకు మోకాలి పట్టీ, బూట్లు. కాదు. హిందీ మేడం మళ్ళ జుట్టుకేసే రంగు అన్నది — తెల్లజుట్టుతోని పోతే ఆరో తరగతోళ్ళు అవ్వా అని పిలుస్తరట. అందరు పడి పడి నవ్విండ్రు.

నేను గూడ నవ్విన. నీదేంది సారూ అని ఎవరూ అడుగలే. అడిగితే ఏం చెప్తుంటినో.

జనవరి 20

పెద్దమ్మకు డైపర్లు. మెడికల్ షాపాయన చెప్పకముందే పాత పేపర్ల చుట్టి నల్ల కవర్ల పెట్టిండు. పెద్దోళ్ళయి గదా సార్, అని మెల్లగ. ఇద్దరికీ అలవాటైంది.

జనవరి 22

పెద్దమ్మ దసరా ఎల్లిన మూడో దినం పక్షవాతంతోని పడ్డది. కుడి పక్క మొత్తం పోయింది. మాటలు గూడ పోయినయి — పదో పదిహేనో మిగిలినయి. బిడ్డా. నీళ్ళు. పో. బడి. వద్దు. అవిటితోనే అన్ని చెప్తది.

కామారెడ్డిల నేను, నా పెండ్లాం లలిత, పిల్ల ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే ఆమె ఇక్కడ ఎల్లారెడ్డిల, ఆమె ఇంట్లనే — బడి ఎనుక రెండు గల్లీలు దాటినంక. జీతానికి పెట్టిన సాయవ్వ రాత్రింబగళ్ళు ఉంటది, కడుగుతది, తినిపిస్తది. నేను పొద్దుగాల బడికి ముందు, తిండి బెల్లుల, సాయంత్రం. తర్వాత బస్సు.

ఇయ్యాల సాయవ్వ గల్మల తలుపుకు ఆనుకొని నిలవడి చెప్పింది. కామారెడ్డిల ఎవరో పెద్దింటోళ్ళు ముసలాయనను చూసుకునేటందుకు పిలుస్తున్నరట. ఎక్కువ ఇస్తమన్నరట. "నీకు చెప్పకుంట పోను సారూ. జర చూడు మరి." ఫిబ్రవరి జీతం పడనీ, పెంచుత అన్న. తలకాయ ఊపింది. నమ్మిందా... ఏమో.

జనవరి 26

జెండా ఎగరేసి, మిఠాయి పంచి, ఇంటికి రాంగనే తాడ్వాయి నుంచి ఫోన్. బాపు.

"దవాఖాన పాలసీ అని ఉంటదట గదరా. కొడుకులు కడుతున్నరు ముసలోళ్ళకు. కడితే నీకే టాక్సు తగ్గుతదట."

ఎవరు చెప్పిండ్రో గని, అబద్ధం కాదు. టాక్సు పాత పద్ధతిల కడితే తగ్గుతది. తండ్రి అయితే చాలు. ఏం చేసిన తండ్రి అని ఎవడూ అడగడు.

అమ్మ పోయిన్నాడు నాకు ఐదేండ్లు. నెల తిరగకముందే నన్ను తెచ్చి అమ్మకు అక్క అయిన ఈ పెద్దమ్మ గడపల దించి పోయిండు. మళ్ళ పెండ్లి చేసుకున్నడు. ఈమెకు పెనిమిటి లేడు, పిల్లలు లేరు. బీడీలు చేసి చదివించింది నన్ను. చాటల తునికాకు, తంబాకు, దారం. నేను పక్కన కూసోని ఎక్కాలు చదివేది. తప్పు చదివితే ఆమెకు తెలువకపోయేది, అయినా ఒత్తి చదువు అనేది.

"చూస్త బాపూ" అన్న.

జనవరి 30

అందరి ఫారాలు అయినయి. నాది మిగిలింది.

మంచాన పడ్డోళ్ళను సాదేటోళ్ళకు పాత పద్ధతిల ఒక మినహాయింపు ఉన్నది. ఖర్చుల రశీదులు గూడ అడగరు — డాక్టర్ల సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలు. అది దొరికితే నాకు చానా తగ్గుతది. సాయవ్వకు పెంచచ్చు. దొరకకుంటే ఫిబ్రవరి జీతంల సగానికి మించి టాక్సుకే పోతది. నెలనెల ఇంత టాక్సు కట్ చేపిచ్చుకొమ్మని అందరికి చెప్పి, నేనే చేపిచ్చుకోలే. ఆ పైసలు డైపర్లకు, గోళీలకు, సాయవ్వకు అయిపోయినయి.

కింద గడి — సంబంధం. భార్య, భర్త, పిల్లలు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. అంతే. రూలు నాకు నోటికొచ్చు.

పెద్దమ్మ లేదు. పిలుపుల అమ్మ ఉన్నది, గడిల లేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

లలిత ఎల్లారెడ్డి వచ్చింది. పెద్దమ్మకు తలంటి పోసింది, గోర్లు తీసింది. పోయేటప్పుడు బస్సుల అన్నది — "నేను వద్దంటలేను. ఎన్ని దినాలు అంటున్న. పిల్ల ఎంట్రెన్స్ కోచింగ్‌కు పైసలు కట్టమంటున్నరు. ఏం చెప్పమంటవ్ దానికి?"

తాడ్వాయి వచ్చింది, పోయింది. కిటికీ దిక్కు చూసుకుంట కూసున్న.

ఆమె తప్పు ఏమన్న ఉన్నదా. లేదు.

ఫిబ్రవరి 5

సెలవు పెట్టి, వ్యాను మాట్లాడి, పెద్దమ్మను కామారెడ్డి దవాఖానకు తోలుకపోయిన. పెన్షనన్న పెరుగుతదని, వికలాంగుల సర్టిఫికెట్ కోసం. లైన్ల చక్రాల కుర్చీల మూడు గంటలు. ఎడమ చెయ్యితోని నా అంగీ అంచు పట్టుకొని ఉన్నది, ఇడిస్తే ఎటో పోతనన్నట్టు.

లోపట కాయితం రాసేటాయన తల ఎత్తకుంటనే — ఏమైతది మీకు?

అమ్మ.

నోట్లకెల్లి వచ్చింది. ఆలోచించలే. ఆయన 'వెంట వచ్చినవారు: కొడుకు' అని రాసి, ముద్ర గుద్ది ఇచ్చిండు. పెద్దమ్మ ఇన్నదా? నా దిక్కు చూసింది. ఎడమ దిక్కు పెదవి జర కదిలింది.

ఫిబ్రవరి 7

బడిల సంచిలకెల్లి ఇంకేదో తీస్తుంటే దవాఖాన కాయితం బయటవడ్డది. తెలుగు సారు చూసిండు. పోయినేడాది ఈయన సొంత ఇంట్ల ఉంటూ కిరాయి రశీదులు తెస్తే, కుదరదు సార్ అని అందరి ముంగట వాపస్ ఇచ్చిన. దెప్పుతడు అనుకున్న.

"టాక్సు ఫారంల పెట్టు సారూ" అన్నడు. "నేనేం మనసుల పెట్టుకోలే. ఆమె నీ తల్లి కాదని ఎవడంటడో అన్ననీ, నేను చూస్త."

ఆ మంచి మాట ఓర్చుకునుడు కష్టమైంది. దెప్పితేనే బాగుండు.

ఫిబ్రవరి 9

పెన్సిల్‌తోని రాసిన — తల్లి.

సర్వీసు రిజిస్టర్ల అమ్మ పేరు ముంగట కీర్తిశేషులు అని ఉన్నది. నౌకరిల చేరిన్నాడు నేనే రాసిచ్చిన. ఇప్పుడు ఈ గడిల తల్లి ఉండాలంటే ఆ తల్లి సావకుండ ఉండాలె. లేదంటే ఈమెకు ఆమె పేరు పెట్టాలె. ఇద్దరు అక్కచెల్లెండ్లను ఒక్కర్ని చెయ్యాలె.

తుడిచిన. ఏ మినహాయింపులు లేని కొత్త పద్ధతిల నింపి ఇచ్చిన. హెచ్.ఎం. మేడం తిప్పి చూసి — మీకేం లేవా సార్, అన్ని సున్నాలే పెట్టిండ్రు?

లేవు మేడం.

నీతి గల్లోడిని అని కాదు. దొరికిపోతనని భయం. రాసుకుంటున్న, ఇక్కడన్న నిజం ఉండాలె.

మార్చి 2

జీతం పడ్డది. పడ్డది అనుడు కన్న మిగిలింది అనాలె.

సాయవ్వతోని చెప్పిన. ఒక్క నెల ఆగమన్న. ఆమె పెద్దమ్మ చీరలు ఉతికి మడత పెట్టింది, జావ చేసి గిన్నెల పోసి మూత పెట్టింది. "నాకు గూడ ఇల్లున్నది గద సారూ" అన్నది. పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూసోని ఏడ్చింది. సాయంత్రం బస్సుకు పోయింది.

మార్చి 3

సెలవు.

మార్చి 4

సెలవు. రాత్రి ఇక్కడనే పండుకున్న, పొద్దుగాల పెద్దమ్మ బట్టలు మార్చిన. ఇన్ని రోజులు సాయవ్వ చేసేది, నేను బయట నిలవడేది. నీళ్ళు కాగవెట్టి, దుప్పటి మీదికెల్లి కప్పి, మొఖం పక్కకు తిప్పుకొని చేసిన. ఆమె గోడ దిక్కు తిరిగింది. వద్దు బిడ్డా. వద్దు. పో. చేసినంత సేపు అవే మాటలు.

అయినంక చాయ్ తాగిపిచ్చిన. మింగలే. కండ్లు తెరవలే.

చిన్నప్పుడు నన్ను ఎన్నిసార్లు కడిగి ఉంటది. అది చెప్దామనుకున్న. అది చెప్తే మంచిగ ఉంటదా, ఇంకా సిగ్గు పడుతదా... చెప్పలే.

మార్చి 6

పక్కింటామెను పెద్దమ్మ దగ్గర జర కూసోమని, తాడ్వాయిల దిగిన. బాపు అరుగు మీద కూసున్నడు. చిన్నమ్మ చాయ్ ఇచ్చింది — ఆమె ఎప్పుడూ మర్యాదగనే ఉంటది. ఎనుక అర్ర ఖాళీగ ఉన్నది, తాళం వేసి ఉన్నది.

అడిగిన. పరీక్షలు అయ్యేదాంక, నెల దినాలు పెద్దమ్మను ఇక్కడ ఉంచుత. మనిషిని నేను పెడుత, ఖర్చు నేను చూస్త. అర్ర ఒక్కటి ఇయ్యి బాపూ. చిన్నమ్మ కండ్ల ముంగట ఉంటే చాలు.

బాపు చాయ్ కప్పు అరుగు మీద పెట్టిండు.

"ఆమె నాకు ఏమైతది రా?"

నీ కొడుకును పెంచింది, అన్న.

"పెంచుమని నేను ఇచ్చిన. ఆమెకు దిక్కు లేకుండె, నిన్నిచ్చిన. ఎవరు ఎవరికి చేసిండ్రు?"

నిజంగనే అట్ల అనుకుంటున్నడు. కోపంతోని అన్నది కాదు. నలభై ఏండ్లు అట్లనే అనుకున్నడు.

లేస్తుంటే — పాలసీ ఏమైంది మరి?

మార్చి 7

బాపు పాలసీ కట్టిన. మొదటి కిస్తు. ఎందుకు కట్టిననో అడగకు.

మార్చి 10

ఎల్లారెడ్డిల మనుషుల కోసం తిరిగిన. ఒకామె చూసి, మగోడు లేపినా లేవదు గదా ఈమె అని పోయింది. ఇంకొకామె రెండు దినాలు చేసి రాలే. పక్కింటి రాజవ్వ — "మక్కచేను కోసేటందుకు పోతున్న బిడ్డా. పొద్దుగూకినంక వచ్చి చూస్త." ఆమెను ఏం అంటం.

మార్చి 11

పదో తరగతి పరీక్షల డ్యూటీ ఆర్డర్ వచ్చింది. హెచ్.ఎం. మేడాన్ని అడిగిన. పైనుంచి వచ్చిన లిస్టు సార్, నా చేతుల లేదు. తల్లికి బాగ లేదని రాసియ్యండి, పంపి చూస్త, అన్నది.

రాసియ్యలే.

లలితకు గూడ ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడిల డ్యూటీ. ఒక్క రోజు రాకుంటే నెలాఖరుకు తీసేస్తరట. ఫోన్ల ఆమె ఏడుస్తున్నదని తెలుస్తున్నది.

మార్చి 14

తెలుగు పరీక్ష. సెంటర్ల ఫోన్లు బంద్, గేటు దగ్గర్నే తీసుకుంటరు.

పొద్దుగాల కడిగి, తినిపిచ్చి, ఎడమ చెయ్యికి అందేటట్టు నీళ్ళ సీస పెట్టిన. మంచం గోడకు జరిపి, ఇటు దిక్కు పరుపు ఏసిన, పడితే దెబ్బ తగలకుండ. మధ్యాహ్నం వరకు వస్త పెద్దమ్మా అన్న. చెయ్యి చూపెట్టింది — పో.

బయటికెల్లి తాళం వేసిన. తాళం వేసుకుంట అటు ఇటు చూసిన, ఎవరన్న చూస్తున్నరా అని.

మూడు గంటలు పిల్లల నడుమ తిరిగిన. ఏం పరీక్ష పెట్టినమో, ఎవరు ఏం రాసిండ్రో తెలువదు.

అయినంక ఉరికిన. తాళం తీసిన — తలుపు లోపటికి పోతలేదు. బరువు. సందుల నుంచి చూస్తే తెల్లజుట్టు కనవడ్డది. మంచం దిగి, పాక్కుంట వచ్చి, తలుపుకు ఆనుకొని కూసున్నది. మోచెయ్యి చెక్కుకపోయింది. ఎంత సేపటికెల్లి కూసున్నదో.

పెద్దమ్మా, జర జరుగు, అన్న. తలుపు మెల్లగ కొట్టిన.

లోపటికెల్లి —

"లేడు."

పెద్దమ్మా, నేను.

"లేడు... బిడ్డ. బడి."

నన్ను వేరే ఎవరో అనుకున్నది. నా కోసం వచ్చినోళ్ళు అనుకున్నది.

గడపల కూసున్న. ఆమె అవుతల, నేను ఇవుతల. ఎప్పుడు వస్తడు అని అడిగిన. ఎందుకు అడిగిననో. తలుపు మీద ఆమె చెయ్యి రాస్తున్న సప్పుడు వచ్చింది.

మార్చి 17

మోచెయ్యికి మందు రాసిన. చీము పట్టలే.

రేపు హిందీ పరీక్ష. రాజవ్వ రేపు గూడ మక్కలకే పోతదట. లలిత ఇంకా ఫోన్ చెయ్యలే.

పొద్దుగాల ఎనిమిదింటికి సెంటర్ల ఉండాలె. ఏం చెయ్యాలె...