రీలు లేని ఫొటో

ఉదయగిరి,
7 జూన్ 1999, సోమవారం.

నా సుమయాకు, సలాం.

దుత్తలూరుకి బస్సులో గంట కూడా పట్టదు, ఇంత దగ్గరికి ఉత్తరమేందని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. నీ ఎదురుగా నిలబడి చెప్పే మొహం లేక రాస్తున్నాను. చెల్లెలి పెళ్లిపనులకని నువ్వు వెళ్లి ఐదు రోజులైంది. ఈ ఐదు రోజుల్లో నాలుగు కాగితాలు రాసి చింపేశాను.

కెమెరా పాడైంది, నీ ఫొటో చెరిగిపోయింది అని చెప్పాను కదా. అబద్ధం. కెమెరా బాగానే ఉంది, నీ ఫొటో అందులోనే ఉంది. శనివారం మన గరిటెల సొసైటీ కరుణశ్రీ మేడం నెల్లూరు నుంచి వచ్చి కెమెరా తీసుకుపోతుంది. ఆమె నోటి నుంచి నీకు తెలిసేలోపు నేనే చెప్పాలి.

మన చెక్క గరిటెలు చేసే చేతుల ఫొటోలు కంప్యూటర్లో ఎక్కించి ఢిల్లీకి పంపితే ఆర్డర్లు వస్తాయని మేడం ఆ కెమెరా నాకిచ్చింది. నెల్లూరులో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నానని నేను చెప్పుకున్న గొప్ప అలాంటిది. నీ చేతులు పన్నెండు ఫొటోలు తీశాక, మనకోసం ఒకటి తీస్తానని నీ మొహం వైపు తిప్పాను. "వద్దండీ, స్టూడియో ఆయన రీలు కడిగేటప్పుడు చూస్తాడు" అన్నావు. మన పెళ్లిలో నువ్వు ఫొటో వద్దన్నదీ అందుకే. "ఇందులో రీలే లేదు సుమయా. కడిగేది లేదు, చూసేవాడు లేడు. నేనొక్కణ్ణే" అన్నాను. ఆ మాట నమ్మావు. కొంగు జారిపోయినా సర్దుకోకుండా, జుట్టులో చెక్కపొట్టుతో, నన్ను చూసి నవ్వావు.

మన ఊళ్లో కంప్యూటర్ దొరక్క ఆత్మకూరు బస్టాండు దగ్గర పెంచలప్రసాద్ సెంటరుకి పోయాను. వైరు కంప్యూటర్ వెనక పెడితే, కెమెరా దొరకలేదని తెరమీద వచ్చింది. కెమెరాతో ఇచ్చిన ఫ్లాపీ మళ్లీ ఎక్కించాం. మౌసు పీకి ఆ సందులో వైరు పెట్టి చూశాం. బ్యాటరీలు మార్చాం. కంప్యూటర్ ఆపి ఆపి వేశాం. ఎన్నిసార్లు చేసినా అదే మాట. "నీకు వచ్చునంటివే?" అన్నాడు పెంచలప్రసాద్. రాదు అనకుండా వైరు మళ్లీ సర్దాను.

"ఇంకో వైరుండాది సూడు, పసుప్పచ్చ పిన్నుది. కంప్యూటర్‌కి రాకపోతే టీవీకి వస్తాదేమో పెడదాం. లోపల ఫొటోలు ఉండాయో లేదో తేలిపోతాది" అన్నాడు. అది వరల్డ్ కప్ కోసం రోడ్డు వైపు తిప్పి పెట్టిన టీవీ. మ్యాచ్‌కి విరామమిచ్చినా జనం కదల్లేదు. యాభైమంది ఉంటారు. పక్కనే ఒక బస్సు కూడా ఆగి ఉంది. వద్దు అనాల్సింది. కెమెరా పనిచేస్తుందని వాడి ముందు నిరూపించుకోవాలన్న పంతంలో తలూపాను.

టీవీ నిండా నీ మొహం వచ్చింది. నాకోసం నవ్విన నవ్వు.

ఎవడో ఈల వేశాడు. నేను వైరు పీకబోతే బిగుసుకుపోయి ఊడి రాలేదు. ముందు నిలబడ్డ పెద్దాయన ఒకడు, "ఎవురబ్బయా ఈ యమ్మ? మీ ఇంటామెనా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు సుమయా, ఎగతాళి కూడా కాదు. నేను, "కాదన్నా, ఎవురో కూలికొచ్చే మనిషి" అన్నాను.

అదీ సంగతి. నలుగురూ నిన్ను చూడటం నా తెలివితక్కువ. ఆ మాట మాత్రం తెలివి ఉండే అన్నాను. నా పరువు కాపాడుకోవడానికి నిన్ను వదిలేశాను. వస్తావో రావో నీ ఇష్టం. రమ్మని అడిగే అర్హత నాకు లేదు.

నీ
షానవాజ్

*

దుత్తలూరు,
9 జూన్ 1999, బుధవారం.

షానవాజ్ గారికి, సలాం.

ఎప్పుడూ మీ పేరు పలకను. ఈసారి కోపంగా ఉన్నాను కాబట్టి పేరు పెట్టే రాస్తున్నాను.

మీ ఉత్తరంలో నాకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. ఆ రోజు అక్కడ ఆగిన బస్సు మా మహబూబ్ బాషా మామది. డ్రైవరు సీట్లోంచి టీవీ చూశాడు, మీ జవాబూ విన్నాడు. మర్నాడే మీరు లేనప్పుడు వచ్చి, "నీ మొగుడు నిన్ను కూలిమనిషి అనినాడు పాపా" అని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మీరే చెబుతారని వారం రోజులు చూశాను. అన్నం పెట్టినప్పుడల్లా నా ఫొటో ఏమైందని అడిగింది అందుకే. చెరిగిపోయిందనే అన్నారు. ఇక అడగలేక వచ్చేశాను. మా చెల్లెలి పెళ్లికి ఇంకా రెండు నెలలుంది.

అంతమంది చూశారని తెలిసి మొదట బాగా ఏడ్చాను. వీధిలోకి రావడానికి సిగ్గేసింది. ఇప్పుడు అది కొంచెం తగ్గింది. వాళ్లు చూసింది పని చేసుకుంటున్న మనిషినే కదా. కూలిమనిషి అన్నందుకూ బాధ లేదు, కూలికి చేసినా పని పనే. నేను మీ ఇంటామెను కాదన్నారు చూడండి, అది ఇంకా గుచ్చుకుంటోంది. క్షమించానని రాయను, ఎందుకంటే ఇంకా క్షమించలేదు.

ఇక కెమెరా సంగతి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పాపం దాన్ని పాడైందన్నారు. మేడం దాన్ని మీకిచ్చిన రోజు, నెత్తిమీది చిన్న చక్రం తిప్పి, కంప్యూటర్ బొమ్మ దగ్గర ఆపి, ఆ తర్వాతే వైరు పెట్టాలని చూపించింది. మీరు "తెలుసు మేడం, తెలుసు" అంటూ కాఫీ తాగారు. నేను గరిటె చెక్కుతూ చూశాను. ఇంటికొచ్చి నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఈ ఉత్తరం మామ చేతే పంపుతున్నాను. తలెత్తి తీసుకోండి, ఆయనకు సలాం చెప్పండి. రేపు నేనూ ఆయన బస్సులోనే వస్తున్నాను. మేడం వచ్చేలోగా ఇద్దరం ఆత్మకూరు పోదాం. చక్రం నేను తిప్పుతాను. నా మొహం ఫొటో ముందు తీసేయండి, మిగతావి ఎక్కించండి. నేను కొంగు కప్పుకుని మీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను.

ఆ చేతులెవరివని ఎవరో ఒకరు అడుగుతారు. అడక్కపోతే మీరే చెప్పండి.

సుమయా