ఆదెప్ప గారి ప్రేరణ ఎవరు?

కుప్పం,
జూన్ 9.

సోదర కళాకారులు శ్రీ ఆదెప్ప గారికి,
'పాలారు పలుకు' త్రైమాసిక పత్రిక సంపాదకుడు గోపాలస్వామి శుభాకాంక్షలతో వ్రాయునది.

మొన్న మదనపల్లె దగ్గరి అంగళ్లులో జరిగిన చిత్రప్రదర్శనలో మీ నీటిరంగుల బొమ్మ చూశాను. మదనపల్లె టమాటా మండీలో, ఎర్రటి కాయల క్రేట్ల మధ్య, ఒక తెల్లని ఆవు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. కాపలాదారు వచ్చి లైట్లు ఆర్పుతానన్నాడు.

మా రాబోయే సంచికలో మీకు నాలుగు పేజీలు కేటాయించాం. మీరు ఫోన్‌లో మాట్లాడరని ప్రదర్శన నిర్వాహకులు చెప్పినందువల్ల ఉత్తరం వ్రాస్తున్నాను. ఈ సంగతులు దాపరికం లేకుండా తెలియజేయగలరు. మీ కళాప్రయాణం ఎలా సాగింది? మీ మాధ్యమం ఏది? మీకు ప్రీతిపాత్రమైన సామగ్రి ఏది? అన్నిటికన్నా ముఖ్యం, మీ ప్రేరణ ఎవరు?

కళాసేవలో,
గోపాలస్వామి,
విశ్రాంత తెలుగు పండితుడు.

తా.క.: బొమ్మలో ఆవు మూడు క్రేట్ల ఎత్తే ఉంది. రైతు బతుకు కుంచించుకుపోవడానికి అది ప్రతీక అని మా సంపాదకవర్గం ఏకగ్రీవంగా భావించింది. సంపాదకవర్గంలో ఉన్నది నేనొక్కణ్ణే.

---

పుంగనూరు,
జూన్ 14.

సంపాదకులు గోపాలస్వామి గారికి ఆదెప్ప నమస్కారం చేసి రాయునది.

మీ ఉత్తరం అందింది. అడిగిన వరుసలోనే జవాబులు రాస్తున్నాను.

ప్రయాణం బాగానే సాగుతోంది. నేను మదనపల్లె మండీలో లెక్కలు రాస్తాను. రోజూ పుంగనూరు నుంచి బస్సులో పోయివస్తాను. కిటికీ పక్కన సీటు దొరికితే ఒక బొమ్మ అవుతుంది. రోడ్డు బాగాలేని చోట చెట్లు వేస్తాను. చేయి కదిలినా చెట్టు చెడిపోదు.

మాధ్యమం తెలుగు. ఏడో తరగతి వరకు. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

సామగ్రి గురించి. మొదట్లో క్రేట్లలో పరిచే పాత పేపర్ల మీద వేసేవాణ్ణి. ఇప్పుడు నీళ్లు పడినా ముడుచుకోని దళసరి కాగితం బెంగళూరు నుంచి తెప్పిస్తున్నాను. ఉడుత వెంట్రుకల బ్రష్షు ఒకటి ఉంది. రంగు బిళ్లల్లో పసుపుమట్టి, ఇటుకెరుపు, నీలం ఎక్కువ అరుగుతాయి. నలుపు వాడను. కావాలంటే నీలంలో ఇటుకెరుపు కలుపుతాను. తెలుపు కొనను. కాగితం తెల్లగానే ఉంటుంది కదా. మీరు చూసిన బొమ్మలో నేను ఆవును వేయలేదు. చుట్టూ ఉన్నది వేశాను, ఆవు మిగిలింది. నీళ్లు ఇంట్లోవే, ప్రత్యేకం ఏమీ లేదు.

ఆవు ఎత్తు గురించి. అది పుంగనూరు ఆవు. అంతే ఉంటుంది.

ప్రేరణ అనే పేరుగలవారు నాకు తెలియదు. మండీలో విచారించాను. కమీషన్ ఏజెంటు నంజప్ప మనవరాలి పేరు ప్రేరణ అట. యూకేజీ చదువుతోంది. ఆ పాప కాదనుకుంటాను. కాబట్టి అక్కడ 'ఎవరూ లేరు' అని వేసుకోండి.

ఇట్లు,
ఆదెప్ప.

తా.క.: మీ ఉత్తరం మొదట చదివింది మా ఆమె మునిలక్ష్మి. ప్రేరణ ఎవరు అన్న చోట ఆగి నావైపు చూసింది. ఎవరూ లేరని చెప్పాను. ఆ పూట సంగటి పెట్టింది గానీ, అందులోకి నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి పెట్టలేదు.

---

కుప్పం,
జూన్ 20.

వినయశీలి ఆదెప్ప గారికి,

ప్రయాణం అంటే బస్సు కాదు. మాధ్యమం అంటే బడి కాదు. అయినా మీ జవాబులు అలాగే ఉంచుతున్నాను. వాటిలో లోతు వెతుక్కునే పని పాఠకులది. 'నేను ఆవును వేయలేదు' అన్న వాక్యం పెద్ద అక్షరాలలో వేస్తాం.

ప్రేరణ దగ్గర మాత్రం మీరు తప్పించుకుంటున్నారు. ప్రేరణ లేని కళాకారుడు ఉండడు. కొందరికి ఒకటి చాలదు. నా సంగతే చెబుతాను. నాకు ప్రేరణ వేకువజామున వస్తుంది, మా ఆవిడ నిద్ర లేవకముందే. ఆ కాసేపు నేను ఈ లోకంలో ఉండను. మా ఆవిడ లేచి గిన్నెలు చప్పుడు చేయగానే వెళ్లిపోతుంది. నలభై ఏళ్లుగా ఇదే తంతు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. మీకూ వస్తూనే ఉంటుంది, మీరు ఒప్పుకోవడం లేదు. ఈసారి వచ్చినప్పుడు తలుపు వేయకండి.

మీ మేలు కోరే,
గోపాలస్వామి.

తా.క.: మీ ప్రేరణ బొమ్మ ఒకటి వేసి పంపితే ముఖచిత్రంగా వాడుకుంటాం.

---

పుంగనూరు,
జూన్ 26.

గోపాలస్వామి గారికి ఆదెప్ప రాయునది. ఇక్కడ క్షేమం అని రాయడం నా అలవాటు. ఈసారి రాయడం లేదు.

మీ రెండో ఉత్తరం వచ్చిన పూట నా బావమరిది గిరిబాబు సోమల నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. అతనిది పెద్ద గొంతు. ఉత్తరం అతనే చదివాడు. తలుపు వేయకండి అన్న వాక్యం పక్కింటి నాగమ్మకు సరిగా వినపడలేదంటే రెండోసారి చదివాడు.

"ఆయమ్మ యాడుంటాది బావా?" అని అడిగాడు. తెలియదన్నాను. "కుప్పం అయివారి దగ్గరికి తెల్లారుజామున పొయ్యేది, నీ దగ్గరికి వచ్చేది ఒగురేనా?" అన్నాడు. అదీ తెలియదన్నాను. తెలియనిది తెలియదని చెప్పడమే మంచిదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

మునిలక్ష్మి చీరలు సంచిలో పెట్టుకుని తమ్ముడితో సోమల బస్సెక్కింది. ఎప్పుడొస్తావని కిటికీ దగ్గర నిలబడి అడిగాను. "ఆ కుప్పమాయప్పకే రాసి అడుగు" అంది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడొస్తుంది?

ప్రేరణ ఎవరో, ఉంటే ఉందని, లేకపోతే లేదని మీ పత్రిక కాగితం మీద స్టాంపు వేసి పంపండి. గిరిబాబు స్టాంపు లేని కాగితాన్ని నమ్మడు.

ఇట్లు,
ఒంటరిగా ఉన్న,
ఆదెప్ప.

తా.క.: బొమ్మలు కుదరడం లేదు. బోరు నీళ్లు పోస్తే రంగు గింజలు గింజలుగా విరుగుతోంది. ఇన్నాళ్లూ నా గిన్నెలో నీళ్లు మునిలక్ష్మి పోసేది. అవి ఏ నీళ్లో నేను అడగలేదు.

---

కుప్పం,
జూలై 1.

ఆపదలో ఉన్న మిత్రులు ఆదెప్ప గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు కోరిన ధ్రువపత్రం జతచేశాను. స్టాంపు రెండు చోట్ల వేశాను. అందులోని పాఠం ఇది:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రేరణ అనునది మనిషి కాదు. పనికి పురికొల్పెడి భావము. ఆమెకు ఇల్లు, ఊరు, ఒళ్లు లేవు. అయితే ఆ పదము సంస్కృతమున స్త్రీలింగము అగుటచేత, శ్రీమతి మునిలక్ష్మి గారి అనుమానము వ్యాకరణరీత్యా నిరాధారమని చెప్పజాలము."

చివరి వాక్యం లేకపోతే బాగుండేదని మీకు అనిపించవచ్చు. ఉద్యోగమంతా వ్యాకరణం చెప్పినవాణ్ణి. సగం నిజం మీద స్టాంపు వేయలేను.

మీ క్షేమం కోరే,
గోపాలస్వామి.

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడ అమరావతి కూడా చదివింది. తెల్లవారుజామున వచ్చేది ఎవరని అడిగింది. ధ్రువపత్రం రెండో ప్రతి ఇచ్చాను. దాన్ని ఆవకాయ జాడీ కింద వేసుకుంది.

---

సోమల,
జూలై 6.

గోపాలస్వామి గారికి సోమల నుంచి ఆదెప్ప.

ధ్రువపత్రం తీసుకుని ఇక్కడికి వచ్చాను. గిరిబాబు వీధిలో నిలబడి చదివాడు. మనిషి కాదు అన్న చోట నాకు మర్యాద పెరిగింది. కూర్చోమని మంచం వేశారు. ఒళ్లు లేదు, కానీ స్త్రీ అన్న చోట అందరూ ఆలోచనలో పడ్డారు. ఎల్లమ్మ అని ఈ ఊరి పెద్దామె ఒకామె ఉంది. "ఒళ్లు లేని ఆడది, తెల్లారుజామున వస్తాది, గిన్నెల సద్దుకు పారిపోతాది. దయ్యం గాకుంటే ఇంకేందప్పా?" అంది. నాకు తాయెత్తు కట్టారు. మీది నలభై ఏళ్ల నాటిది కాబట్టి పెద్ద తాయెత్తు కావాలని అనుకుంటున్నారు.

మునిలక్ష్మి ఇదంతా పట్టించుకోలేదు. లోపల కూర్చుని విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తోంది. మంచినీళ్లు అడిగితే ఇచ్చింది. ఇంటికి పోదామంటే చేటలో ఇంకో దోసెడు కాయలు పోసుకుంది. నాకు మాటలు రావు. రంగుల పెట్టె తెచ్చుకున్నాను కాబట్టి అరుగు మీద కూర్చుంటున్నాను.

మీ పత్రికలో నా పేజీలు తీసేయండి. ఆమె ఇంటికి వస్తే చాలు.

ఇట్లు,
ఆదెప్ప.

తా.క.: తాయెత్తు కుడి మణికట్టుకు కట్టారు. బొమ్మ వేస్తుంటే రంగులో మునుగుతోంది. ఎడమ చేతికి మార్చమన్నాను. మారిస్తే దయ్యానికి దారి ఇచ్చినట్లట.

---

సోమల,
జూలై 11.

కుప్పం గోపాలస్వామి అయ్యవారికి మునిలక్ష్మి దండాలు పెట్టి రాయునది.

మీరు నన్ను ఎరగరు. మీ ఉత్తరాలు మాత్రం అన్నీ చదివాను.

ప్రేరణ ఆడమనిషి కాదని మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. నేను పదో తరగతి పాసయ్యాను. ఆడమనిషే అయివుంటే పుట్టింటికి వచ్చేదాన్ని కాదు, ఆమె ఇంటికే పోయి మాట్లాడేదాన్ని. మీకు ఆయన రాసిన జవాబును కవరులో పెట్టి జిగురు రాసింది నేను. అందులో 'ఎవరూ లేరు' అని ఉంది. దానికి ఎవరింటికి పోయి మాట్లాడాలి?

ఆయన కండక్టరు సంచి బొమ్మ వేశాడు. నంజప్ప గొడుగు బొమ్మ వేశాడు. వాటన్నిటికీ వాన నీళ్లు పట్టి, గుడ్డలో వడగట్టి, కుండలో మూతపెట్టి ఉంచింది నేను. బోరు నీళ్లకు రంగు విరుగుతుందని పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాను. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మా ఇంట్లో మాటలు తక్కువ.

ఆయన ఇక్కడ అరుగు మీద కూర్చుని ఏదో వేస్తూ ఉంటే మా తమ్ముడి బర్రెను వేస్తున్నాడని అనుకున్నాను. నిన్న చేటలో పొట్టు చెరగడానికి బయటికి వచ్చి చూస్తే, కాగితం మీద ఉన్నది నేను.

"నన్నెందుకు వేస్తాండావు?" అన్నాను.

బ్రష్షు కడిగి అరుగు అంచున పెట్టాడు.

"ఇన్నాళ్లూ ఎదురుగానే ఉండావని వేయలా" అన్నాడు. "ఇప్పుడు ఇంట్లో యాడ సూసినా నువ్వుండే చోటు ఖాళీగా ఉండాది. దాని సుట్టూ ఏం వేయాల్నో తెలీలా."

అంత పొడుగు మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. చేట కింద పెట్టేశాను. రేపు పొద్దున బస్సుకు పుంగనూరు పోతున్నాం.

ఆ బొమ్మ దీంతో పంపుతున్నాను. ముక్కు సరిగా కుదరలేదు, ఆవులకు అలవాటు పడిన చేయి. అయినా వేయండి. కింద మునిలక్ష్మి అని రాయండి. ప్రేరణ అని రాస్తే ఎల్లమ్మవ్వ నాకూ తాయెత్తు కడుతుంది.

ఇట్లు,
మునిలక్ష్మి.

తా.క.: మీ పత్రిక కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అమరావతమ్మ గారు ఎత్తారు. ప్రేరణ మనిషి కాదని ఆమెకూ మొదటినుంచీ తెలుసంట. తెల్లవారుజామున మీరు రాసిన పద్యాల్లో సూర్యుడు ఉన్నాడంట, పాలారు నది ఉందంట, కోడిపుంజు కూడా ఉందంట, లేచి మీకు కాఫీ కలిపే మనిషి మాత్రం లేదంట. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆమె పుంగనూరులో మా ఇంట్లో ఉంటారు. పలమనేరులో బస్సు మారాలని నేనే చెప్పాను. మీరు వచ్చేటప్పుడు ధ్రువపత్రం తేవద్దు, పద్యం తెండి. ఆమె పేరు గణాలకు కుదరదని మాత్రం చెప్పకండి. ఆమె గురులఘువులు వేసి చూసుకున్నారంట. కుదురుతుందంట.