మోతకు ఒకటిన్నర పాయింట్లు

విస్కాన్సిన్ రాష్ట్రం, కాల్టన్ ఫాల్స్ పట్టణం, పైన్ వీధిలో కాపురముంటూ, కాగితపు మిల్లులో మెకానిక్కుగా చేసి రిటైరైన ఆర్లన్ స్కోగ్లండ్ అనే నేను, వయసు డెబ్భై ఒకటి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాసుకుంటున్న చివరి వీలునామా. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే ఇందుమూలంగా రద్దు. రేపు పొద్దున నా గుండెకు ఆపరేషన్. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. ఉండాల్సిన రోజుల్లో లేదని నేను రాసిస్తున్నాను.

1. నా ఇల్లు, కారు, బ్యాంకులో మిగిలిన కాస్తా సర్వహక్కులతో నా భార్య వెర్నాకు చెందుతాయి. ఇందులో తగువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. వీలునామా అమలు చేసే బాధ్యత పక్కింటి మైరాన్ వాండర్లూప్‌ది. పాతికేళ్లుగా అడక్కుండానే నా వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న మనిషి. మంచు పార ఎప్పుడో అతనికిచ్చేశాను కనక ఇందులో అతనికి ఏమీ రాయడం లేదు.

2. మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియంలో పద్నాలుగో వరుసలో ఏటా నా పేరనున్న రెండు సీట్లూ వెర్నాకే. వీటి కోసం మా నాన్న జాబితాలో ఇరవై ఏడేళ్లు పడిగాపులు కాశాడు. అమ్మడానికి లేదు, ఇంటివాళ్లకు రాసివ్వొచ్చు, అంతే. నా బావమరిది డెల్మర్ కూస్ వీటి మీద కన్నేసి ఉన్నాడు. అతనికివ్వను. మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు జనం నోరు మూసుకోవాలి, మన నాయకుడి కేక మనవాళ్లకు వినబడాలి కాబట్టి. బంతి ఎదుటివాళ్ల చేతికి పోగానే గొంతు చించుకోవాలి, వాళ్ల కేక వాళ్లకు వినబడకూడదు కాబట్టి. ఇది మా ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. తొంభై ఎనిమిదిలో డెల్మర్ తిరగేసి అరిచాడు. మనవాడు కంగారుపడి బంతి కదలకముందే కదిలాడు, శిక్షగా అయిదు గజాలు పోయాయి. నేను మర్చిపోలేదు.

3. జనం మోత కొలిచే నా మీటరు, ఇరవై రెండు నోటుపుస్తకాలు డెల్మర్‌కు. పందేలు కట్టించుకునేవాళ్లు సొంత మైదానంలో ఆడే జట్టుకు మూడు పాయింట్లు ఎక్కువ లెక్కగడతారు. అందులో మోత వాటా తక్కువ కట్టారనీ, మా స్టేడియం గట్టిగా మోగిన రోజున ఇంకో ఒకటిన్నర పాయింట్లు మనవేననీ నా సిద్ధాంతం. దాన్ని నమ్ముకునే ఇన్నేళ్లూ పందెం కాశాను. డెల్మర్ అనేవాడు: "బావా, నువ్వు జనాన్ని కొలుస్తున్నావు, పందెం వాడు నిన్ను కొలుస్తున్నాడు."

2020లో జబ్బు భయంతో స్టేడియాలు ఖాళీగా పెట్టి ఆడారు. మా జట్టు ఎప్పట్లాగే గెలిచింది, ఎప్పట్లాగే ఓడింది. ఆ ఏడాది లెక్కలోకి రాదని ఆ పుస్తకం అటక మీద పడేశాను. పోయిన నెల దాన్ని దింపి, అన్నీ కలిపి చూశాను. మోత పనిచేయదని కాదు. ఎదుటివాళ్లు తడబడటం నా కళ్లతో చూశాను. కానీ ఎంత పనిచేస్తుందో అంతా పందెంలో వాళ్లు ముందే కలిపేసుకున్నారు. మోగిన రోజుకీ మోగని రోజుకీ నా పందేల్లో పిసరంత తేడా లేదు. డెల్మర్, నువ్వన్నదే నిజం. నవ్వుకో.

4. వెర్నా గొంతు గురించి. ఇది ఆస్తి కాదు, కానీ పోగొట్టింది నేను కనక రాయాలి. పెళ్లయిన కొత్తలో ఒక ఆటలో ఆమె కేకలకు ఎదుటి జట్టువాడొకడు మూడుసార్లు ముందే కదిలి, వెనక్కి తిరిగి మా వరుసలోకి చూశాడు. "ఆ పదిహేను గజాలూ మా ఆవిడవే" అని ఊరంతా చెప్పుకున్నాను. నా సిద్ధాంతం అక్కడే పుట్టింది. 2021లో జనాన్ని మళ్లీ రానిచ్చారు. సెప్టెంబరులోనే వెర్నా అంది: "ఆర్లన్, గొంతులో ఏదో గుచ్చుకుంటోంది. మింగుడు పడట్లేదు." నేనన్నాను: "ఈ సీజను అయిపోనీ, డాక్టరు దగ్గరికి పోదాం. ఈలోగా తేనె తాగు." డిసెంబరులో ఆమె అరుస్తుంటే చేతిరుమాలు మీద నెత్తురు పడింది. నేను మీటరు చూస్తున్నాను. ఫిబ్రవరిలో క్యాన్సరని స్వరపేటిక తీసేశారు. సెప్టెంబరులో వచ్చి ఉంటే గొంతు దక్కేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆ మాట వెర్నాకు ఇవాళ్టిదాకా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా పాత టెలిఫోనులో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పలికే టేపు ఒకటి ఉంది. "స్కోగ్లండ్ వాళ్లిల్లు. ఎవరూ లేం. ఆర్లన్, నువ్వే అయితే వచ్చేటప్పుడు పాలు పట్రా." ఆమె గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఆమె లేనప్పుడు రోజూ పెట్టుకుని వింటున్నాను. అది దొంగతనమే. ఆ టేపు ఆమెకు చెందుతుంది.

5. వెర్నా, ఇరవై నెలలుగా పలక మీద అందరికీ రాస్తున్నావు. మైరాన్‌కు హాస్యాలు కూడా రాస్తున్నావు. నాకు మాత్రం "మందులు", "భోజనం", అంతే. నాకు చావంటే భయంగా ఉంది. నీ నుంచి ఒక్క మాటకైనా నోచుకోకుండా పోవాలంటే ఇంకా భయంగా ఉంది. తిట్టు, శాపనార్థాలు పెట్టు, నాకని ఏదో ఒకటి రాయి. కాళ్లు పట్టుకుంటాను. ఇలాంటివి వీలునామాలో ఉండకూడదని తెలుసు. ఇంకెక్కడ రాయను?

6. దీనికి ఇద్దరు సాక్షులు కావాలి. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకు రాసింది చెల్లదని లాయరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అందుకని మైరాన్‌నూ, అతని భార్య ఆర్డిస్‌నూ పిలిపించాను. ఇద్దరూ వంటింట్లో కాఫీ తాగుతున్నారు. ముందు వెర్నా ఇది చదువుతుంది, తర్వాతే సంతకాలు.

తేది: 16 నవంబరు 2023, గురువారం

(సంతకం) ఆర్లన్ స్కోగ్లండ్

సాక్షులు:

1. మైరాన్ వాండర్లూప్, పక్కిల్లు. ఆర్లన్ నా ఎదుట సంతకం చేశాడు.

2. ఆర్డిస్ వాండర్లూప్ (కొట్టివేయడమైనది)
వెర్నా స్కోగ్లండ్, భార్య. ఆర్లన్ నా ఎదుట సంతకం చేశాడు. అంతా చదివాను. నాలుగోది రెండుసార్లు చదివాను. నియమం తెలిసే ఈ సంతకం పెడుతున్నాను. ఆర్లన్, నువ్వు రాసిచ్చేవి ఏవీ నాకొద్దు. పొద్దున ఆరింటికల్లా తయారుగా ఉండు. కారు నేను నడుపుతాను.