దాటినవారు సున్నా

జూన్ 10, మంగళవారం, ఉదయం 8:15

రెండు గంటలు నిలబడ్డాను. ఒక్క మనిషి కూడా రోడ్డు దాటలేదు.

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఇది. సున్నాతో మొదలవుతుందని అనుకోలేదు. కార్‌లో కూర్చుని రాస్తున్నాను. ఏసీ ఫుల్‌గా పెట్టినా ఒంటిమీది సేఫ్టీ వెస్ట్ వీపుకి అతుక్కునే ఉంది.

ఇది క్యారీ సిటీకి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చిన్న టౌన్. ఇక్కడి ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో నేను సమ్మర్ ఇంటర్న్‌ని. పోయిన నెల రేణు అనే ఆవిడ మాకు ఇలా ఈమెయిల్ రాశారు. మా నాన్నగారు, ఆయన తోటివాళ్ళు రోజూ పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్ల నుంచి ఎదురుగా ఉన్న పార్కుకి వెళ్తారు, నాలుగు లేన్ల రోడ్డు, సిగ్నల్ ఉన్న చోటుకి అర మైలు నడవాలి, అందుకని మధ్యలోనే దాటేస్తున్నారు, ఏదైనా జరిగేలోపు నడిచేవాళ్ళు దాటడానికి ఒక క్రాస్‌వాక్ వేయండి అని. మా టౌన్ రూల్ ఏమిటంటే, ఒక గంటలో కనీసం ఇరవై సార్లు మనుషులు దాటాలి. అప్పుడే కొత్త క్రాస్‌వాక్‌ల లిస్టులో నిలుస్తుంది. ఆ లిస్ట్ ఇరవై ఆరో తేదీన కౌన్సిల్‌కి వెళ్తుంది.

అందుకని మా సూపర్‌వైజర్ మార్సీ నాకు క్లిప్‌బోర్డ్, టౌన్ టోపీ, పసుపుపచ్చ వెస్ట్ ఇచ్చింది. వెస్ట్ ఎక్స్‌ట్రా లార్జే మిగిలింది. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఎండ సరిగ్గా కళ్ళల్లోకే వస్తుంది కాబట్టి నల్ల కళ్ళద్దాలు నావి. మనిషి దాటితే ఒక గీత. నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. ఆ అడ్డగీత గీయాలని ఎంత ఆశపడ్డానో.

6:10కి ఒక పెద్దాయన వచ్చారు. టక్ చేసుకున్న చొక్కా, తెల్ల బూట్లు. రోడ్డు అంచున ఆగి, నన్ను చూసి, గడియారం చూసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. దాటలేదు కాబట్టి గీత లేదు.


జూన్ 11, బుధవారం

మళ్ళీ సున్నా. ఒక జింక దాటింది. జింకకి ఫారంలో కాలమ్ లేదు.


జూన్ 12, గురువారం

మూడో రోజూ సున్నా.

కానీ ఈరోజు నాకో మాట దొరికింది. ఎవరూ రాకపోతే ఏం చేస్తాం, కిందకి చూశాను. రోడ్డు మధ్య గడ్డిలో సన్నటి మట్టి దారి ఉంది. రెండు చెప్పుల వెడల్పు. ఎవరూ వేసింది కాదు, నడవగా నడవగా పడింది. ఇలాంటి దాన్ని మా వాళ్ళు డిజైర్ పాత్ అంటారని మార్సీ చెప్పింది. కోరిక దారి! ప్లానింగ్ అంటే పార్కింగ్ లెక్కలు, కంచె ఎత్తులు అనుకుంటే మధ్యలో ఇంత అందమైన మాట ఎలా దూరింది? ఈ ఉద్యోగంలో చేరాక రోజూ ఒక మాటని ఇంటికి తెచ్చుకుంటున్నాను. నిన్నటిది సెట్‌బ్యాక్. ఇల్లు రోడ్డుకి ఇచ్చే మర్యాద అది, కొంచెం వెనక్కి తగ్గి నిలబడటం.

మన దగ్గర దీన్ని కాలిబాట అంటాం. చిన్నప్పటినుంచీ తెలిసిన మాటే. ఈరోజే మొదటిసారి విన్నట్టుంది. కాలు వేసిన బాట.

బాట ఉంది. కాళ్ళేవి?


జూన్ 13, శుక్రవారం

మెమో ఇచ్చాను. మూడు రోజులు, ఆరు గంటలు, దాటినవారు సున్నా. టేబుల్ చాలా నీట్‌గా ఉందని మార్సీ మెచ్చుకుంది. ఆ వెంటనే క్రాస్‌వాక్‌ని లిస్టులోంచి తీసేసింది. ఒక్క క్లిక్.

మెచ్చుకోలుకి సంతోషం వేసింది. ఆ క్లిక్‌కి వేయలేదు. గడ్డిలో దారి గురించి మెమోలో ఒక వాక్యం రాసి, అది నంబర్ కాదు కదా అని నేనే కొట్టేశాను. మధ్యాహ్నం నుంచీ ఆ వాక్యమే గుర్తొస్తోంది.


జూన్ 16, సోమవారం, సాయంత్రం 7:30

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

కాలేజీ క్లాస్ పేపర్‌కి ఆ కాలిబాట ఫోటో కావాలని ఆఫీస్ అయ్యాక వెళ్ళాను. వెస్ట్ లేదు, టోపీ లేదు, కాటన్ కుర్తా వేసుకున్నాను. అపార్ట్‌మెంట్ల వైపు నిలబడి ఫోన్ తీశానో లేదో, వెనక నుంచి తెలుగు. అమ్మాయ్, దాటకు, అక్కడ దాటకు అని. తిరిగి చూస్తే టక్ చేసుకున్న చొక్కా, తెల్ల బూట్లు. మంగళవారం నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయిన పెద్దాయన.

మన పిల్లవే కదా, మొహం చూస్తే తెలియదా అన్నారు. ఊరు, చదువు, అమ్మానాన్నలు ఏం చేస్తారు, అన్నీ అయ్యాయి. ఆయన పేరు బ్రహ్మయ్య. తెనాలి బస్టాండ్‌లో ఆర్టీసీ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కూతురి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. తర్వాత గొంతు తగ్గించారు. పొద్దున్నే ఇక్కడ లేడీ పోలీసు కాపు కాస్తోందమ్మా, దాటినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి అట్ట కూడా తెచ్చుకుంది, మేమంతా విజిటర్ వీసా వాళ్ళం, ఒక్క జరిమానా టికెట్ పడిందంటే మళ్ళీ ఈ దేశంలోకి రానిస్తారో లేదో, అందుకే నేనే గ్రూపులో పెట్టేశాను అన్నారు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది.

ఫోన్ తీసి చూపించారు. వాట్సాప్ గ్రూప్, పేరు ఉదయ సంచారం. అందులో ఫోటో. పసుపుపచ్చ వెస్ట్, టోపీ, క్లిప్‌బోర్డ్. నా వీపు. నా వీపుని అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. కింద మెసేజ్: పోలీసు ఉంది, ఎవరూ రోడ్డు దాటరాదు, ఇట్లు బ్రహ్మయ్య. దాని కింద పది దండాలు.

అంకుల్, అది నేనే అన్నాను.

ఆయన ఫోటో చూశారు. నన్ను చూశారు. మళ్ళీ ఫోటో చూశారు.

ఇంతలో ఆ గ్రూపులోనే ఉండే నాగమల్లేశ్వరి గారు పార్కింగ్ లాట్‌లో ఒక చుట్టు పూర్తిచేసుకుని అటే వచ్చారు. విషయం విని నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. ఈయన పుణ్యమా అని వారం రోజులుగా ఇక్కడే ప్రదక్షిణలు చేస్తున్నామమ్మా, మధ్యలో దేవుడు కూడా లేడు, చెత్త డబ్బా ఉంది అన్నారు. ఇంతకీ పోలీసంటే ఎంత లావుగా ఉంటుందో అనుకున్నా, నీకు ముందు ఎవరైనా రెండు పూటలా అన్నం పెట్టాలి అన్నారు. బ్రహ్మయ్య గారు మాత్రం నవ్వలేదు. మరి అట్ట ఎందుకు పట్టుకున్నావు అని నన్నే నిలదీశారు.

మీకు క్రాస్‌వాక్ వేయాలా వద్దా అని తేల్చడానికి, రేణు గారని ఒకావిడ అడిగారు అని చెప్పాను. ఆయన అక్కడే ఉన్న కర్బ్ గట్టు మీద కూర్చుండిపోయారు. రేణు ఆయన కూతురే. నాన్న కంగారుపడతారని ఆయనకి చెప్పకుండా రాసిందట.

కూతురు రోడ్డు దాటే దారి అడిగింది. తండ్రి రోడ్డు ఖాళీ చేయించాడు. మధ్యలో నేను నీట్‌గా టేబుల్ వేశాను.

నా సున్నా తప్పు కాదు. నిజమూ కాదు.


జూన్ 17, మంగళవారం

మార్సీకి చెప్పాను. చెప్పే ముందు బాత్‌రూంలో రెండుసార్లు రిహార్సల్ చేశాను. ఇంటర్న్‌షిప్ పోతుందనే అనుకున్నాను.

ముందు నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత తలుపు వేసి కూర్చోమంది. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ప్లానర్‌ని, ఫారంలో వాతావరణానికి లైన్ ఉంది, లెక్కపెట్టే మనిషికి లేదు, ఆ సంగతి ఈరోజే చూస్తున్నాను అంది. మెమో వెనక్కి తీసుకోమంది. జరిగింది జరిగినట్టు రాయమంది, నవ్వొచ్చే ముక్కలతో సహా. ఇరవై అయిదో తేదీ బుధవారం ఇంకొక్కసారి లెక్క. అదే ఆఖరు, మర్నాడే కౌన్సిల్.

షరతులు మూడు. సేఫ్టీ రూల్ కాబట్టి వెస్ట్ తీయకూడదు. అది పోలీసు వెస్ట్ కాదని వాళ్ళకి చెప్పొచ్చు, కానీ ఫలానా రోజు రండని పిలవకూడదు. ఇరవై అనే నంబర్ నా నోట రాకూడదు.

ఈరోజు మాట అబ్జర్వర్ ఎఫెక్ట్. మనం చూస్తున్నామనే సంగతే మనం చూసేదాన్ని మార్చేయడం. దీనికి తెలుగు కోసం సాయంత్రమంతా వెతికాను. చూపు బరువు అని పెట్టుకున్నాను. ఎవరికీ చూపించను, కానీ నాకు నచ్చింది.


జూన్ 20, శుక్రవారం

రేణు గారు ఫోన్ చేశారు. ఆదివారం కాఫీకి రమ్మన్నారు. మళ్ళీ లెక్క ఉంటుందని తెలిసి నాన్న నాలుగు రోజులుగా ఏదో ప్లాన్ వేస్తున్నారు, భయంగా ఉంది అన్నారు.


జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం 2:00

భయం నిజమే.

వెళ్ళేసరికి హాల్లో పదకొండు మంది ఉన్నారు, ఉదయ సంచారం మొత్తం. సెంటర్ టేబుల్ మీద పకోడీలు, వాటి పక్కన ఒక కాగితం. బ్రహ్మయ్య గారు ఛార్ట్ గీశారు. గుడి నుంచి రెండు వ్యాన్లు, ఒక్కో వ్యాన్‌లో పదిహేను మంది. మొదటి బ్యాచ్ 6:05, రెండో బ్యాచ్ 6:20, తిరుగు ప్రయాణం 6:40. నువ్వు నిలబడి గీతలు గీసుకోవడమే తల్లీ, చెయ్యి నొప్పి పుట్టాలి అన్నారు. డిపోకి పైనుంచి చెకింగ్ వస్తుందంటే నిండిన బస్సులే ముందు పెట్టేవాళ్ళం, ఇదీ అంతే అన్నారు.

ఆయన చేతిరాత ఎంత బాగుందో. ప్రతి అంకె తలెత్తి నిలబడి ఉంది. ఊఁ అంటే చాలు, క్రాస్‌వాక్ వచ్చేస్తుంది. ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం నేను నిజంగానే ఊఁ అనబోయాను.

వద్దంకుల్ అన్నాను. నేను ఎవరినీ పిలవకూడదు, మీరూ పిలవకూడదు, రోజూ నడిచేవాళ్ళు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు నడవండి, అంతే అన్నాను. ఎంతమంది దాటితే ఇస్తారో అదన్నా చెప్పు అన్నారు. చెప్పకూడదన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. మన అమ్మాయివి అనుకున్నాను అని కాగితం మడిచేశారు. ఆ మాట గట్టిగా తగిలింది. చేతిలో పకోడీ తిరిగి ప్లేట్‌లో పెట్టేశాను.

నాగమల్లేశ్వరి గారు అందుకున్నారు. చాల్లే అన్నయ్యగారూ, అప్పుడు ఉన్నవాళ్ళని లేకుండా చేశారు, ఇప్పుడు లేనివాళ్ళని ఉన్నట్టు చేస్తానంటున్నారు, ఈ పిల్ల ఏం చేసిందని అన్నారు. అందరూ నవ్వారు. రేణు గారు నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

బ్రహ్మయ్య గారు కాగితం జేబులో పెట్టుకున్నారు. కాఫీ అంతా తాగాక నన్ను బాల్కనీలోకి పిలిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కంట్రోలర్‌గా చేశానమ్మా, నిండిన బస్సు ముందు పెట్టాను కానీ రాని బస్సు వచ్చిందని రిజిస్టర్‌లో ఒక్కరోజు రాయలేదు అన్నారు. నువ్వు చెప్పింది అదేనని నాకు తెలుసు, కూతురికి నా గురించి భయం పోవాలని ఆత్రపడ్డాను అన్నారు. ఆ బాల్కనీలోంచి రోడ్డు కనిపిస్తుంది. రేణు గారు రోజూ ఆఫీస్‌కి వెళ్ళే ముందు అక్కడే నిలబడి, నాన్న అవతలికి చేరేదాకా చూస్తారట. ఆయన అక్కడినుంచి చెయ్యి ఊపాకే కార్ తాళాలు తీసుకుంటారట.

కార్‌లోకి వచ్చాక లెక్క వేశాను. పదకొండు మంది వెళ్ళి వస్తే ఇరవై రెండు. కానీ నాగమల్లేశ్వరి గారికి మోకాళ్ళ నొప్పులు, పార్కు బెంచీ మీద కబుర్లలో పడితే గంట దాటిపోతుంది. ఆవిడ కూర్చుంటే ఇంకో ఇద్దరైనా కూర్చుంటారు. త్వరగా వచ్చేయండి ఆంటీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

అయినా మనసు తేలిగ్గానే ఉంది. డబ్బాలో పకోడీలు కూడా పెట్టి ఇచ్చారు.


జూన్ 24, మంగళవారం, సాయంత్రం 6:00

రేణు గారు ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేశారు. ఉదయ సంచారం గ్రూపులోది.

ఇందుమూలంగా తెలియజేయునది. రోడ్డు దగ్గర నిలబడేది పోలీసు కాదు. మన హాసిని. ఎప్పుడు నిలబడుతుందో మనకి అనవసరం. చుట్టాలను, స్నేహితులను తీసుకురావద్దు. దాటేటప్పుడు నమస్కారాలు, పలకరింపులు, టిఫిన్ డబ్బాలు వద్దు. అమ్మాయి లెక్క తప్పుతుంది. ఇట్లు బ్రహ్మయ్య.

కింద పది దండాలు.

రేపు 5:45కల్లా అక్కడ ఉండాలి. వెస్ట్, టోపీ, క్లిప్‌బోర్డ్, రెండు పెన్నులు. నల్ల కళ్ళద్దాలు ఇంట్లో వదిలేయాలి, నా మొహం వాళ్ళకి కనిపించాలి. ఎండ కళ్ళల్లో పడితే పడనీ. ఎవరు నవ్వినా నవ్వకూడదు. దాటినవాళ్ళకే గీత.