నూట అరవై దగ్గర ముల్లు

మదనపల్లె,
7 మార్చి 1948

ప్రియమైన తమ్ముడు గౌస్‌కు,

కుప్పం లారీషెడ్డులో నీకు పని కుదిరిందని విని సంతోషించాను. నువ్వు వెళ్ళే ముందురోజు మా సావుకారి కారుకు బిగించిపోయిన థర్మోస్టాట్ సంగతి చెప్పాలి. పాతది నూట ఎనభై ఫారెన్‌హీటు డిగ్రీలదాకా తెరుచుకునేది కాదు. నీది నూట అరవైకే తెరుచుకుని నీళ్ళను రేడియేటరుకు వదులుతోంది. మొన్న పుంగనూరు దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు సావుకారు రామచంద్రప్ప నా పక్కన కూర్చుని, రోడ్డు చూడకుండా వేడి చూపే ముల్లునే చూస్తూ వచ్చాడు. అది నూట అరవై దగ్గరే నిలబడింది.

"గౌసు శానా పనోడప్పా. ముల్లు కదిలిందేమో సూడు!" అన్నాడు.

పోయిన నెల ఇదే మనిషి, ఇంకొకసారి బండి ఉడికితే అమ్మేస్తానన్నాడు. బండి పోతే నా పనీ పోయేది.

పుంగనూరులో మైమూన్‌ను చూసి వచ్చాను. పుట్టింట్లో కులాసాగా ఉంది. ఏప్రిల్ ఆఖరుకు నెలలు నిండుతాయని వాళ్ళ నాన్న బాబు సాహెబ్ చెప్పాడు. నొప్పులు మొదలైతే మన కారులోనే ఇక్కడి ఆస్పత్రికి తెచ్చుకొమ్మని సావుకారు మాటిచ్చాడు. నీ భార్య నాకు చెల్లెలు. బెంగపెట్టుకోకు.

ప్రభువు నిన్ను కాపాడుగాక.
నీ అన్న,
దేవసహాయం

*

కుప్పం,
18 మార్చి

ప్రియమైన దేవసహాయం అన్నకు గౌస్ సలాములు.

ముల్లు దిగిందంటే సంతోషమే. కానీ అన్నా, థర్మోస్టాట్ ఒక తలుపులాంటిది. చిన్న డిగ్రీది వేస్తే ఆ తలుపు ముందుగా తెరుచుకుంటుంది, అంతే. రేడియేటరుకు కొత్త బలం రాదు. ఇంజను లోపల రోగముంటే అది నయం కాదు. ఆ రోజు ఇంజను పైమూత, ఆ హెడ్డు విప్పి చూద్దామంటే నువ్వు "టైము లేదప్పా, ముందు ముల్లు దించు" అన్నావు. నాకూ ప్రయాణం తొందర. అప్పటినుంచీ మనసులో ఏదో గుచ్చుతూనే ఉంది.

ఒక్క సంగతి దాచకుండా రాయి. రోజుకు ఎన్ని నీళ్ళు పోస్తున్నావు?

మైమూన్ మొదటి కాన్పు నీకు తెలియనిది కాదు. బిడ్డ అడ్డం తిరిగింది, ఎడ్లబండి ఆస్పత్రి చేరేసరికి అంతా అయిపోయింది. ఈసారి ఆలస్యం జరిగితే ఆమె తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను.

వదిన కృపమ్మకు నా సలాములు.
నీ తమ్ముడు,
గౌస్

*

మదనపల్లె,
9 ఏప్రిల్

ప్రియమైన గౌసూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. నీళ్ళ సంగతి అడిగావు. ఈ ఎండల్లో ఏ బండి తాగదు చెప్పు? పొద్దున ఒక చెంబు, ఒక్కోసారి రెండు. కింద మాత్రం చుక్క కారదు. పొగ కాస్త తెల్లగా వస్తోంది, నూనె మార్చాలేమో.

ఇంకో వింత విను. నిన్న వాయల్పాడు నుంచి వస్తుంటే, మిట్టమధ్యాహ్నం ముల్లు వందకంటే కిందికి పడిపోయింది. సావుకారు పగలబడి నవ్వాడు. "ఇంజనా ఇది, కుండలో నీళ్ళా? ఇంత సల్లగా ఉండాదే!" అన్నాడు. నీ చేతిపని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మైమూన్‌కు కాళ్ళు కొంచెం వాచాయి. భయం లేదని మంత్రసాని అంది.

నీ అన్న,
దేవసహాయం

*

కుప్పం,
19 ఏప్రిల్

అన్నా,

ఈ ఉత్తరం అందగానే బండి తీయడం ఆపెయ్.

ముల్లు పడిపోయింది ఇంజను చల్లబడి కాదు. ముల్లుకు వేడి చెప్పే గొట్టం నీళ్ళలో మునిగి ఉండాలి. అక్కడ నీళ్ళు లేకపోతే అది ఏమీ చెప్పలేదు. ముల్లు కింద ఉన్నప్పుడే లోపల ఇనుము కాలిపోతోంది. కింద కారని నీళ్ళు తెల్లపొగై పోతున్నాయి. హెడ్డు పగిలింది.

నాదీ తప్పుంది. ఆ రోజు నూనె కొలిచే పుల్ల మీద మజ్జిగ రంగు చూశాను. నూనెలో నీళ్ళు కలుస్తున్నాయని అప్పుడే అనుమానం వచ్చింది. గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

సావుకారు తిట్టినా సరే, ఉన్నది చెప్పెయ్. తప్పు నా మీద పెట్టు. మైమూన్‌ను బస్సులో తీసుకురా, నొప్పులు రాకముందే తెచ్చి మీ ఇంట్లో ఉంచుకో. ఆ కారులో మాత్రం ఎక్కించొద్దు. నీకు దండం పెడతాను.

గౌస్

*

మదనపల్లె,
27 ఏప్రిల్

గౌసూ,

నిన్న నేనిచ్చిన తంతిలో "మైమూన్ ఆస్పత్రిలో, వెంటనే రా" అని మాత్రమే ఉంది. నువ్వు బయలుదేరే ఉంటావు. పుంగనూరులో బస్సు మారేచోట మీ మామ బాబు సాహెబ్ ఈ కాగితం నీ చేతికిస్తాడు. అక్కడినుంచి ఇక్కడికి వచ్చేలోగా చదువు.

ముందు ఇది చెప్పాలి. మైమూన్ బతికే ఉంది. బిడ్డ లేదు. ఆడపిల్ల.

నీ ఉత్తరం నాకు ఇరవైరెండో తేదీనే అందింది. నాలుగు రోజులు నా చొక్కా జేబులో ఉంది. సావుకారికి చెప్పలేదు. మైమూన్‌ను ముందుగా తీసుకురానూ లేదు. నిన్న పదిగంటలకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. పుంగనూరు నుంచి ఇటొచ్చే బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. సావుకారు వాకిట్లోనే ఉన్నాడు. "యాల నిలబడినావు? బండి తీసుకోని పో" అన్నాడు. ఎందుకు తీయనో చెప్పాల్సివస్తుందని, రెండు డబ్బాల నీళ్ళు వేసుకుని బయలుదేరాను.

పుంగనూరుదాకా ఏమీ కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు, సగం దూరం దాటాక, ఎత్తు మీద ఇంజను కింద సమ్మెటతో కొట్టినట్టు చప్పుడైంది. బండి బిగుసుకుపోయి ఆగింది. అప్పుడు కూడా ముల్లు కిందే ఉంది.

"అన్నా, యాడికొచ్చినాము? ఇంకెంత దూరముండాది?" అని వెనకసీటులోంచి మైమూన్ అడిగింది. దగ్గరికొచ్చినాము తల్లీ అన్నాను. అది అబద్ధం.

చేలో శెనక్కాయలు వొలుస్తున్న అంజమ్మ అనే ఆమె పరుగెత్తుకొచ్చింది. నన్ను రోడ్డుమీదికి తోసేసి తలుపులకు చీర కట్టింది. కాసేపటికి లోపలినుంచి, "పాప సల్లగా ఉండాదప్పా" అంది. ఆ మాట నేను చచ్చేదాకా వింటాను. వెనకాల వచ్చిన బస్సు మైమూన్‌ను ఎక్కించుకుంది. నేను వదిలేసిన బస్సే అది.

ఇప్పుడు నీకు తెలియనిది చెప్తాను. నువ్వు పుల్ల మీద చూసిన మజ్జిగ రంగును నేను నీకంటే నెలముందే చూశాను. రేడియేటరు నీళ్ళలో బుడగలు రావడం చూశాను. హెడ్డు పగిలిందని ఇరవైయేళ్ళు బండి నడిపినవాడికి ఒకరు చెప్పాలా? చిన్న డిగ్రీది వెయ్యమని నేనడిగింది ఇంజను కోసం కాదు. సావుకారి కళ్ళ ముందు ముల్లు కింద ఉండాలని. నా పని ఉండాలని. టైము లేదని నిన్ను హెడ్డు విప్పనివ్వలేదు. నీ తప్పని నువ్వు రాసింది చదివి కూడా, ఒక్క క్షణం ఊరట పడ్డాను. అలాంటివాణ్ణి నేను.

ఈ పొద్దున సావుకారికి ఇదంతా చెప్పి తాళంచెవి ఇచ్చేశాను. మైమూన్‌కూ చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి, "ఆయనకు నువ్వే రాయన్నా, నేను సెప్పలేను" అంది. కృపమ్మ ఆమె పక్కనే కూర్చుని ఉంది.

దారిలో ఎడమపక్క ఆ కారు ఇంకా అక్కడే కనిపిస్తుంది. చూడకు.

బస్సు దిగేచోట నేను నిలబడి ఉంటాను. నువ్వు కొట్టినా, పలకరించకుండా పోయినా, వెనకాలే వస్తాను. ఆమె ఉన్న వార్డుకు దారి నీకు తెలియదు.

దేవసహాయం