మూడో పల్లం దగ్గర బ్రేకు

మార్చి 4

మా పార్కులో కొండ రైలు పీకేస్తారట.

నోటీసు స్టాఫ్ రూమ్‌లో పెట్టారు. టీ మెషీన్ పక్కన "కప్పులు కడిగి పెట్టండి" అనే కాగితం ఉంటుంది, దాని కింద. నెలాఖరుకి రైడ్ క్లోజ్, ఆ తర్వాత డిస్‌మాంటిల్. కప్పుల కాగితం కన్నా చిన్న అక్షరాలు. రెండుసార్లు చదివాను. నా కప్పు కడక్కుండా అక్కడే పెట్టి వచ్చేశాను. నాకు చేతనైన నిరసన అంతే.

మార్చి 5, మధ్యాహ్నం, కౌంటర్‌లో

కోపం దిగలేదు. అందుకే రాస్తున్నాను. ఈ నోట్‌బుక్ మూడేళ్ల కిందట ఎవరో వాటర్ స్లైడ్ దగ్గర వదిలేసి పోయారు. ఇంక రారులే.

పోయిన వస్తువుల కౌంటర్ నాది. గొడుగులు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఒకసారి పళ్లసెట్టు. పంతొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం. అంతకు ముందు పదకొండేళ్లు కొండ రైలుకి బ్రేకు వేశాను. రైలుకి మనిషి బ్రేకు వేయడమేంటని ఇప్పటివాళ్లు నవ్వుతారు. అవును, మనిషే. రెండు పెట్టెల మధ్య ఇద్దరు ఇరుక్కుని కూర్చునేంత సీటు, ముందు నడుమెత్తు ఇనప లీవర్. గొలుసు రైలుని పైదాకా లాగి వదిలేస్తుంది. అక్కణ్నుంచి మూడు పల్లాలు, మూడు మలుపులు. కిందికొచ్చేదాకా బాధ్యత బ్రేకు మనిషిదే. గట్టిగా పట్టామా, రైలు పల్లంలో ఆగిపోతుంది. పట్టలేదా, మలుపులో జనం ఒకరి ఒళ్లో ఒకరు పడతారు.

ఈ రైలుకి మొదటి బ్రేకు మనిషి మా మావయ్య. అమ్మ తమ్ముడు. నాకు పని నేర్పింది ఆయనే. పట్టాలు చూడను, అరుపులు వింటాను అనేవాడు. పార్కంతా ఆ మాట ఫేమస్. అరుపు సన్నబడితే నిజంగా భయపడ్డారని, పట్టు. అరుపులో నవ్వు కలిసిందంటే వదులు. చిన్నపిల్లల తల్లులున్న ట్రిప్పు ఒకలా, కాలేజీ బ్యాచ్ ట్రిప్పు ఇంకోలా. ఉన్నది ఒక్క రైలే, రోజుకి నలభై రకాలుగా పరిగెత్తేది. రెండేళ్లు ఆయన పక్కన కూర్చుని నేను నేర్చుకున్నది ఆ వినడమే.

తర్వాత ఆటోమేటిక్ బ్రేకులొచ్చాయి. పట్టాలకే బిగించారు. ఎవరెక్కినా అవి ఒకేలా పట్టుకుంటాయి. రైలు మోకాళ్ల నొప్పులాయన మెట్లు దిగినట్టు దిగుతుంది. నన్ను గొడుగుల దగ్గర కూర్చోబెట్టారు.

మార్చి 8, ఆదివారం

పాత రోజుల సంఘం వాళ్లొచ్చారు. పదిహేనుమంది. వీళ్లు ప్రతి నెలా ఒక ఆదివారం వచ్చి, పాత ఫోటోల ఫైలు పట్టుకుని పార్కంతా తిరుగుతూ నిట్టూరుస్తారు. సంఘానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు.

ఏది మంచి కాలం అన్నదాని మీద వాళ్లలో వాళ్లకే పడదు. డాక్టరుకి బాతుల చెరువూ ఒక్క లౌడ్‌స్పీకరూ ఉన్న పార్కు కావాలి. ఒకావిడకి సిమెంటు డైనోసార్ల పార్కు కావాలి. అద్దాల గది తీసేసిన రోజే పార్కు చచ్చిపోయిందని ఇంకొకాయన వాదన. నేను గమనించింది ఒకటే. ఎవరికి పదేళ్లప్పుడు ఎలా ఉందో వాళ్లకి అదే అసలు పార్కు. కొండ రైలు ఇప్పటికి రెట్టింపు ఎత్తుండేదని డాక్టరు అన్నాడు. ఎత్తు మారలేదండీ, మారింది మీరే అన్నాను. మొహం మాడ్చుకున్నాడు పాపం.

నన్నడిగితే ఆ రోజుల్లో బాత్రూములకి గడియలుండేవి కావు. డైనోసార్ తోక ఏటా ఊడేది. అవేవీ ఫోటోల్లో పడలేదు. కానీ ఒక్క విషయంలో వాళ్లు కరెక్ట్. కొండ రైలు అప్పుడు వేరు. అది ఉత్త జ్ఞాపకం కాదు, మెకానిక్‌ని అడిగినా చెప్తాడు.

రైలు తీయొద్దని మేనేజరుకి సంతకాలతో లెటర్ ఇచ్చి వెళ్లారు. ఆవిడ థాంక్యూ చెప్పి ట్రేలో పెట్టిందట.

మార్చి 9

నేనే వెళ్లాను.

మేనేజరుకి ముప్పై ఒకటి. మంచిదే, కానీ మెత్తబడే రకం కాదు. చిన్నప్పుడు ఆ రైలు నాలుగుసార్లు ఎక్కానని, మూడోసారి నిద్రపోయానని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. మీరెక్కింది ఆ రైలు కాదు మేడమ్ అనేశాను.

పీకేయడానికి అసలు కారణం అప్పుడు చెప్పింది. ఆటో బ్రేకులు చేసిన కంపెనీ మూతపడింది. పార్టులు దొరకవు. అయితే వాటిని ఊడదీయండి, పాత లీవరూ బ్రేకు దిమ్మలూ స్టోర్‌లో ఉన్నాయి, ఏటా గ్రీజు పెడుతున్నాను అన్నాను. ఎవరు పెట్టమన్నారంది. ఎవరూ అనలేదు. చేతులు ఊరుకోక పెట్టాను.

పెన్ను తీసి కాగితం మీద రెండు షరతులు రాసింది. ఫుల్ లోడ్ ఇసుక బస్తాలతో ట్రయల్, సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ సంతకం. రెండూ నెలాఖరులోపు అయితే రైలు ఉంటుంది. లేదంటే ఒకటో తారీఖున క్రేన్ వస్తుంది. ఇదీ ఆవిడ మాట. మరి నడిపేదెవరంది.

ఇంకెవరు?

మార్చి 14, సాయంత్రం

పరువు పోయింది.

మెకానిక్ అయిదు రోజులు కష్టపడి లీవర్ బిగించాడు. ఇరవై నాలుగు సీట్లలో ఇరవై నాలుగు బస్తాలు, బెల్టులు పెట్టి మరీ కూర్చోబెట్టాం. ఇన్‌స్పెక్టర్ స్టాప్‌వాచ్‌తో ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాడు. ఆయన మొహంలో ఏ భావమూ ఉండదు. గోడకి తగిలించిన గడియారమే నయం, టిక్కుమంటుంది.

పైకి వెళ్లేదాకా రాణిలా ఉన్నాను. మొదటి పల్లంలోకి దిగింది. గాలి, చక్రాల మోత, అంతే. నా చెయ్యి దేనికోసమో ఆగింది. అది రాలేదు. భయమేసి గట్టిగా పట్టేశాను. రెండో పల్లంలోనూ అదే. మూడో పల్లంలో రైలు ఆగిపోయింది. నడి గుంటలో, ఇరవై నాలుగు బస్తాలూ నేనూ. మెకానిక్, ఇద్దరు గార్డులు, పాప్‌కార్న్ ఆవిడ వచ్చి తోస్తే గానీ కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ ఫెయిల్ అని రాశాడు. ఇరవై అయిదున ఇంకొక్క ఛాన్స్. ఇంటికొస్తే మా ఆయన నా మొహం చూసి ఫ్యాన్ వేశాడు.

మార్చి 15

ఇసుక బస్తాలు అరవవు.

మార్చి 17

ఐడియా నాదే, కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. ట్రయల్ పాసయ్యేదాకా మనుషుల్ని ఎక్కించకూడదని రూలు. బయట నిలబడి అరవకూడదని లేదు కదా. పొద్దున్నే గేట్లు తెరవకముందు స్టాఫ్‌ని ట్రాక్ పొడుగునా నిలబెట్టాను. రైలు దగ్గరికి రాగానే అరవాలి.

పాప్‌కార్న్ ఆవిడ రైలు గొలుసు ఎక్కుతుండగానే మొదలుపెట్టింది. టికెట్ పిల్లకి నవ్వాగలేదు. పెద్ద గార్డు సిగ్గుపడి "హోయ్" అన్నాడు, గేదెని అదిలించినట్టు. నిజంగా పడిపోతున్నవాడి అరుపు వేరు, నిలబడి అరిచే అరుపు వేరు. నా చెవి దేన్నీ నమ్మలేదు. రైలు మళ్లీ అదే గుంటలో, అదే చోట ఆగింది. మేనేజర్ అంతా ఫోన్‌లో వీడియో తీసింది. తర్వాత మెల్లిగా నా దగ్గరికొచ్చి, ఇక వదిలేద్దామా అని అడిగింది. వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది.

మార్చి 18, ఉదయం 11

మావయ్య ఇంటికి వెళ్లాను. ఎనభై ఒకటి. ఇప్పుడు అస్సలు వినపడదు, ముసలితనం వల్లే అనుకునేవాళ్లం. పలక మీద రాసి చూపిస్తే జవాబు చెప్తాడు. జరిగిందంతా రాశాను. మూడుసార్లు పలక తుడిచాను. చివర్లో, అరుపులు లేకపోతే నాకు బ్రేకు వేయడం రాదు అని రాశాను.

చదివి పలక పక్కన పెట్టాడు. నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో తెలియలేదు. తర్వాత చెప్పాడు.

"నువ్వు నా పక్కన కూర్చునే నాటికే నాకు చెవులు పోయాయి అమ్మాయ్. ఎడమది మొత్తం, కుడిది ముప్పాతిక. చెవి టెస్టు పెడితే ఉద్యోగం పోతుంది. అందుకే అరుపులు విని బ్రేకు వేస్తానని అందరికీ చెప్పాను. ఆ మాట అనేవాడికి చెవుడుందని ఎవడైనా అనుకుంటాడా?"

పలక నా ఒళ్లోకి లాక్కున్నాను.

మరి నాకెందుకు చెప్పావు అని రాశాను. నువ్వు అడిగావు, ఏదో ఒకటి చెప్పాలి కదా అన్నాడు. తీరా చూస్తే నువ్వు నిజంగానే వినడం మొదలెట్టావు, నాకన్నా బాగా నడిపావు, ఇంక నిజం చెప్పి చెడగొట్టడమెందుకని ఊరుకున్నానన్నాడు. పదకొండేళ్లు నేను ఒక అబద్ధం మీద రైలు నడిపాను. ఒక్కరికి దెబ్బ తగల్లేదు. మొగుడు తన మాట వినడని అత్త బతికున్నన్నాళ్లూ తిట్టింది. ఆవిడకీ తెలియదు.

కోపమొచ్చింది. కాసేపే. ఆ తర్వాత ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం.

ఆయన బ్రేకు వేసింది కాళ్లతో. చెప్పులు విప్పి, అరికాళ్లు సీటు కింది చెక్కకి ఆనించేవాడు. రైలు పల్లంలోకి జారేటప్పుడు చెక్క సన్నగా జుమ్మంటుంది. వేగం పెరిగితే పట్టాల అతుకుల దెబ్బలు విడివిడిగా తగులుతాయి. ఆ దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే వణుకు అయిన క్షణంలో పట్టాలి. బస్తాలైనా మనుషులైనా చెక్కకి బరువొక్కటే తెలుసన్నాడు. బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు, నా అరచెయ్యి ఆ బల్ల మీదే పెట్టించి.

మార్చి 19

చెప్పులు విప్పి ఎక్కాను. గుంటలో ఆగింది. అయినా ఇవాళ ఎందుకాగిందో తెలుసు.

మార్చి 21

నాలుగు ట్రిప్పులు. రెండుసార్లు మూడో పల్లం దాటింది. దాటినప్పుడల్లా మెకానిక్ టోపీ పైకి విసురుతున్నాడు. ఒకసారి అది మిగిలిన ఒక్క సిమెంటు డైనోసార్ వీపు మీద పడింది.

మార్చి 23

తొమ్మిదికి తొమ్మిది.

మా ఆయనకి విసుగొచ్చింది. సోఫాలో, బస్సులో, డాక్టరు దగ్గర కుర్చీలో, ఎక్కడ కూర్చున్నా చెప్పులు విప్పి నేలకి కాళ్లు ఆనిస్తున్నానట. బస్సు డ్రైవరు బ్రేకు ఆలస్యంగా వేశాడని పైకే అన్నానట. అన్నాను. ఆలస్యంగానే వేశాడు.

మార్చి 25, మధ్యాహ్నం

బస్తాల ట్రయల్ అయిదు నిమిషాల్లో అయిపోయింది. మూడు ట్రిప్పులు, మూడూ క్లీన్. స్టాప్‌వాచ్ చూసి ఇన్‌స్పెక్టర్ తలూపాడు. ఫైలు మూస్తాడనుకున్నాను. మూయలేదు. మనుషులతో మొదటి ట్రిప్పు తనే ఎక్కాలని రూలుందన్నాడు. మేనేజర్ తనూ వస్తానంది. ఈసారి నిద్రపోను అంది.

వాళ్లిద్దరూ ముందు పెట్టెలో, వెనక సీట్లలో బస్తాలు. మొదటి పల్లంలో మేనేజర్ కెవ్వుమంది. మేనేజర్‌లా కాదు, పదేళ్ల పిల్లలా. నిజమైన అరుపు. పంతొమ్మిదేళ్ల తర్వాత నా చెవిలో పడింది. కాళ్ల కింద చెక్క ఒకటి చెప్తోంది, ఆ అరుపు ఇంకొకటి చెప్తోంది. రెండూ కలిపి వినడం నాకిదే మొదటిసారి. మావయ్యకి చెవుల్లేవు. నాకు అప్పట్లో కాళ్లు తెలియవు. ఈ రైలుని ఇవాళ్టిలా ఎవరూ నడపలేదు, ఆయన కూడా.

రెండో పల్లంలో అరుపులో నవ్వు కలిసింది. మూడో పల్లంలో చెక్క ఇంకాస్త ఆగొచ్చంది. ఆగాను. రైలు గుంటలోకి దూకి, మలుపు చుట్టి, ఊపిరి తీసుకునేలోపు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేసింది. మేనేజర్ జుట్టంతా మొహం మీద పడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేంటి అంటోంది. సంఘం వాళ్ల లెటర్ ట్రేలోనే ఉంది మేడమ్ అందామనుకుని ఊరుకున్నాను. గెలిచినప్పుడు కాస్త హుందాగా ఉండాలి.

ఇన్‌స్పెక్టర్ ట్రిప్పంతా నోరు విప్పలేదు. దిగి, బల్ల దగ్గరికెళ్లి, పెన్ను తీసి సంతకం పెట్టాడు. పెట్టి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి వణికి అది ఆయన సంతకంలా రాలేదు. ఇంకో ఫారం అడిగి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ పెట్టాడు.

క్రేన్ రావక్కర్లేదని మేనేజర్ నా ముందే ఫోన్ చేసి చెప్పింది. గెలిచాం. నేను గెలిచాను.

మార్చి 26

గొడుగుల కౌంటర్ టికెట్ పిల్లకి అప్పగించాను. పళ్లసెట్టు చూసి కెవ్వుమంది. మంచి అరుపు.

ఏప్రిల్ 5, ఆదివారం

ముప్పై ఎనిమిది ట్రిప్పులు. క్యూ చెరువు దాకా. సంఘం డాక్టరు ఏడుసార్లు ఎక్కి, ఎత్తు పెంచారు కదా అన్నాడు. అవునన్నాను.

చివరి ట్రిప్పుకి మావయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. ఈ రైల్లో జనంతో కలిసి కూర్చోవడం ఆయనకి జీవితంలో మొదటిసారి. పైనుంచి కిందిదాకా అరుస్తూనే ఉన్నాడు. తన అరుపు తనకి వినపడదు. నాకు వినపడింది. మూడో పల్లం దగ్గర దాన్ని విని బ్రేకు వేశాను.